అందింది అన్నదెవరు?

పోయిన వారం కల్పలతను మనం ఒక కాగితం ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. మనకు వారం గడిచింది గానీ ఆమెకు అయిదు నిమిషాలు కూడా గడవలేదు. సోమవారం పొద్దున పదకొండు కావస్తోంది, పెన్ను మూత ఇంకా తియ్యలేదు. ఆ కాగితం సంగతి మరిచిపోయినవాళ్లూ, కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్లూ ఉంటారు కదా, వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

సికింద్రాబాద్ కార్ఖానా మెయిన్ రోడ్డు మీద, ఒక కళ్లజోళ్ల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. ఊళ్లోని ప్రైవేటు అంబులెన్సులను ఒక తాటిమీద నడపడం వాళ్ల పని. ఫోనులో ఒక్క మీట నొక్కితే కబురు వాళ్ల కంప్యూటర్లకు చేరుతుంది, అక్కడ తెర మీది రిజిస్టరులోకి ఎక్కి, దగ్గర్లో ఉన్న డ్రైవరుకు వెళ్తుంది. మొన్న గురువారం మధ్యాహ్నం రెండూ పదికి అల్వాల్ నుంచి ఒక కబురు వచ్చింది. రోసమ్మ అనే అరవై మూడేళ్ల ఆవిడకు గుండెనొప్పి. ‘మీ అభ్యర్థన అందింది. వాహనం బయలుదేరుతోంది’ అని ఆమె భర్త ఫోనుకు వెంటనే జవాబు వెళ్లింది. వాహనం మాత్రం వెళ్లలేదు. రోసమ్మ చనిపోయింది.

ఇక ఆ కాగితం. కంపెనీ యజమాని హరికిషన్ రాయించిన నివేదిక అది. అందులోని వాదం చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. కబురు రిజిస్టరులోకి ఎక్కాకే ఈ కంప్యూటర్లు ‘అందింది’ అని జవాబిస్తాయి. జవాబు వెళ్లింది గనక కబురు ఎక్కినట్టే. ఎక్కిన కబురు డ్రైవరుకు చేరలేదంటే ఆ గంటలో రిజిస్టరు చూస్తూ డ్రైవర్లను పంపుతూ ఉండాల్సిన రజితదే తప్పు. ఆ పిల్ల ఆ సమయంలో సీట్లో లేదు, అన్నానికి వెళ్లింది. ఇప్పుడు రిజిస్టరులో ఆ కబురు కనబడటం లేదంటే, తప్పు దాచుకోవడానికి ఆ పిల్లే చెరిపేసి ఉంటుందట. కింద కల్పలత సంతకం కావాలి, ఆ కంప్యూటర్లకు ఆఫీసులో పూచీ ఆమెదే. సంతకం పడితే రజిత ఉద్యోగం పోవడంతో ఆగదు, ఒక మనిషి చావుకు బాధ్యురాలిగా ఇరవై నాలుగేళ్ల పిల్ల పేరు పోలీసు కేసులోకి ఎక్కుతుంది. ‘నాకు రిజిస్టర్ల ఏ కేసూ రాలే అక్కా, ఒట్టు’ అని రజిత నాలుగు రోజులుగా చెబుతూనే ఉంది. కల్పలత ఆ పిల్లను నమ్మింది. కానీ నివేదికలోని వాదాన్ని తప్పనడానికి ఆమె దగ్గర ఒక్క ముక్క కూడా లేదు. పన్నెండింటికి ఇన్‌స్పెక్టర్ వస్తాడు, కాగితం తీసుకుపోతాడు.

ఆ గది తలుపు తెరుచుకుందన్న చోట కదా పోయినసారి ఆపాం. తెరిచింది రిచర్డ్, రోసమ్మ భర్త.

పొడుగ్గా, సన్నగా ఉంటాడాయన. తెల్ల చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నట్టుంది, కాలరు ఒక పక్క మడత పడి ఉంది. ముప్పై ఆరేళ్లు రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. బాపట్ల వైపు నుంచి వచ్చి సగం జీవితం సికింద్రాబాద్‌లోనే గడిపినా మాటలో ఆ వైపు మెత్తదనం ఇంకా పోలేదు.

కల్పలతకు ఎదురుగా కూర్చున్న హరికిషన్ గబుక్కున లేచాడు. అతణ్ని మరీ రాక్షసుడనుకునేరు, కాదు. మొదట్లో ఉన్న ఒక్క అంబులెన్సునూ స్వయంగా నడిపినవాడే. ఇప్పుడు నలభై మందికి అన్నం పెడుతున్న కంపెనీ మూతపడుతుందేమోనని భయం పట్టుకుంది, అంతే. భయం పట్టుకున్నవాడు చేసే పనులన్నీ ఈ నాలుగు రోజుల్లో చేశాడు.

“రండి సార్, కూసోండి. జెర చాయ్ చెప్తా.”

“చాయ్ వద్దు బాబూ. నేను గొడవకి రాలేదు. కేసు పోలీసులు వాళ్లంతట వాళ్లే పెట్టుకున్నారు.” రిచర్డ్ కుర్చీ లాక్కుని కూర్చుని, జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. అద్దం మీద ఆ సందేశం అలాగే ఉంది. “నాకు ఒక్క సంగతి చెప్పండి చాలు. ఈ మాట అన్నదెవరు?”

“అది కంప్యూటర్ పంపే మెసేజ్ సార్. మనిషి పంపడు.”

“కంప్యూటర్‌కి ఆ మాట నేర్పిన మనిషి ఉంటాడు కదా?”

హరికిషన్ కల్పలత వైపు చూశాడు. కల్పలత బల్ల వైపు చూసింది.

“ఎందుకడుగుతున్నానంటే,” అన్నాడు రిచర్డ్, గొంతు పెంచకుండానే. “మా పక్కింట్లో హదస్సా అని మా చర్చి అమ్మాయే ఉంటుంది. రోసీకి చెమటలు పడుతున్నాయనగానే కారు బయటకి తీసేసింది. తాళం చేతిలో ఉంది, ఇంజన్ ఆన్‌లో ఉంది. నేను వద్దన్నాను. ‘అంబులెన్స్ బయల్దేరిందమ్మా, అందులో ఆక్సిజన్ ఉంటుంది, అదే మంచిది’ అని ఈ మెసేజ్ చూపించాను. ఆ పిల్ల కారు లోపల పెట్టేసింది. ఇరవై రెండు నిమిషాలు నేను గేటు దగ్గర నిలబడ్డాను. మూడుసార్లు లోపలికెళ్లి ‘వచ్చేస్తోంది రోసీ’ అని చెప్పాను. నాలుగు రోజులుగా నిద్ర లేదు. కారు వద్దన్నది నేను. ఈ మాట నమ్మడం నా తెలివితక్కువతనమా, కాదా? అది తెలుసుకుందామని వచ్చాను.”

ఎవరైనా తనను తిడితే కాచుకోవచ్చు గానీ, తనను తానే తిట్టుకుంటున్న మనిషి ముందు కూర్చోవడం కల్పలతకు చేతకాలేదు. ఏడుపు వచ్చింది, ఆపుకుంది.

“మీ తప్పేం లేదు సార్,” అంది. “ఆ మెసేజ్ వచ్చిందంటే ఎవ్వరైనా నమ్ముతరు.”

“అయితే ఏం జరిగిందో చెప్పమ్మా. నాకు అర్థమయ్యేలా చెప్పు.”

హరికిషన్ గొంతు సవరించుకున్నాడు. “అవన్నీ వకీల్ సాబ్ వచ్చినంక మాట్లాడుకుందాం కల్పలతా.”

“అడుగుతున్నరు కద సార్, చెప్పనియ్యండి,” అంది కల్పలత. నాలుగు రోజుల్లో ఆమె ఎదురు చెప్పడం ఇదే మొదలు.

ఆమె నివేదికను తిరగేసి వెనక వైపు తెల్ల కాగితం మీద ఎనిమిది గళ్లు గీసింది. పైన ఒకటి గీసింది.

“మా దగ్గర ఎనిమిది కంప్యూటర్లు ఉన్నయ్ సార్. పని అంతా ఒక్కదాని మీద పడొద్దని పంచుతం. పంచేది పైనున్న ఇది. మేము దీన్ని మేస్త్రి అంటం. అడ్డా మీద కూలీలకు పని పంచే మేస్త్రి ఉంటడు చూడండి, అట్ల. ఎవరి చేతిల తక్కువ పని ఉంటే వచ్చిన కబురు వాళ్లకిస్తది.”

“ఎవరి చేతిలో ఎంత ఉందో దానికెలా తెలుస్తుంది?”

“ఎన్ని ఇచ్చింది, అందుల ఎన్ని అయిపోయినయ్ అని జవాబొచ్చింది, చూసుకుంటది. ఇగ పది సెకండ్లకోసారి ‘ఉన్నవా’ అని సుత అడుగుతది. ‘ఉన్న’ అంటే బతికున్నట్టే.”

“ఊఁ. మరి మా కబురు?”

“ఆరో నంబరుకు పోయింది సార్. గురువారం ఆ ఇరవై రెండు నిమిషాలు దాదాపు అన్నీ ఆరో నంబరుకే పోయినయ్. యాభై ఏడు కబుర్లు. దాని చేతిల పని లేకుండె, అందుకని మేస్త్రి దానికే ఇచ్చుకుంట పోయింది.”

రిచర్డ్ ఆ ఆరో గడి మీద వేలు పెట్టాడు. “అన్నీ దానికే పోతుంటే దాని చేతిలో పని లేకపోవడమేంటమ్మా?”

నాలుగు రోజులుగా కల్పలత ఏ కంప్యూటరు చేతిలో ఎంత పనుందో చూపే గీతలన్నీ తెర మీద చూసింది. ఆరో నంబరు అన్నిటికంటే తీరిగ్గా ఉండటం చూసింది. అన్నిటికంటే ఎక్కువ కబుర్లు దానికే వెళ్లడమూ చూసింది. రెండిటినీ పక్కపక్కన పెట్టి ఇంత తేలిక ప్రశ్న అడగాలని మాత్రం తోచలేదు. పని తెలిసినవాళ్లకు అప్పుడప్పుడు ఇలాంటి గుడ్డితనం పడుతుంది.

“ఆ తర్వాత అది పూర్తిగా ఆగిపోయింది, శుక్రవారం తెరిచి చూసినం సార్. దానికి రాసుకునే చోటు నిండిపోయింది. ప్రతి కబురుకూ అది డైరీ రాసుకుంటది. ఆ డైరీతోనే పొట్ట నిండిపోయి రిజిస్టర్ల రాయలేకపోయింది. అందుకే దాన్ని పక్కకు పెట్టినం. గానీ రాయలేకపోతే అది ‘తప్పయింది’ అని చెప్తది, ‘అందింది’ అనదు. ‘అందింది’ అన్నదంటే అది రాసినట్టే. అక్కడనే నాకు సమజైతలేదు.”

“రాశాకే అంటుందని ఎవరు చెప్పారు?”

“అది అట్లనే రాసినం సార్. మొదటి నుంచి.”

“చూశావా నువ్వు?”

కల్పలత చూపు పక్కనున్న ల్యాప్‌టాప్ మీదికి పోయింది.

రిచర్డ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఇప్పుడాయన గొంతులో ఏళ్ల తరబడి కుర్రాళ్లకు పని నేర్పిన మనిషి ఓపిక వినిపించింది. “మా దగ్గర లైన్ క్లియర్ అని ఒకటుంటుందమ్మా. వెనక స్టేషన్ వాడు ఇంకో బండి పంపాలంటే, మొదటి బండి నా స్టేషన్‌కి చేరిందని నేను చెప్పాలి. చేరిందని ఎప్పుడు చెప్పాలి? ఇంజన్ ప్లాట్‌ఫారం మీదకి రాగానే చెప్పకూడదు. మధ్యలో పెట్టెలు తెగిపోయి దారిలోనే ఉండిపోయి ఉండొచ్చు. ఆఖరి పెట్టె వెనకాల ఎల్వీ, అంటే లాస్ట్ వెహికల్ అని బోర్డు ఉంటుంది. ఆ బోర్డు నా కంటితో చూశాకే ‘అందింది’ అనాలి. వానలో గొడుగేసుకుని వెళ్లి చూసేవాణ్ని. ఎందుకంటే నేను ‘అందింది’ అంటే అవతలివాడు రెండో బండి వదిలేస్తాడు.” ఆయన కల్పలత ముఖంలోకి చూశాడు. “మీ కంప్యూటర్ ఇంజన్ చూసి ‘అందింది’ అందా, ఆఖరి పెట్టె చూసి అందా? అది చూడు.”

కల్పలత ల్యాప్‌టాప్ దగ్గరకు లాక్కుంది.

చిట్టాలన్నీ తిరగేసింది గానీ ఆ ప్రోగ్రాం తెరిచి చూడలేదు మహాతల్లి, నాలుగు రోజులుగా. ఎందుకు చూస్తుంది? రాసిన రోజు నుంచీ కంఠతా వచ్చు. తనింటి గుమ్మం ఎక్కడుందో వెతుక్కునేవాళ్లుంటారా? ఇప్పుడు తెరిచింది. పైనుంచి వరసగా చదువుతూ వచ్చింది. కబురు తీసుకో. పేరు, చిరునామా చూడు. జవాబు పంపు. ఆ తర్వాత రిజిస్టరులో రాయి.

మళ్లీ చదివింది. ముందు జవాబు, తర్వాత రిజిస్టరు. రాయడం కుదరని ఆరో నంబరు జవాబు మాత్రం ఇచ్చేసి ఊరుకుంది, అందుకే దాని చెయ్యి ఎప్పుడూ ఖాళీ.

ఎవరు మార్చారు? ప్రతి మార్పు పక్కనా మార్చినవాళ్ల పేరు, తేదీ ఉంటాయి. ఆ వరస మీద నొక్కింది. 2021 ఏప్రిల్ 24. కల్పలత. కింద ఆమె స్వయంగా రాసుకున్న ముక్క ఉంది: ‘రెండ్రోజులకే. తర్వాత ఎనకటి తీరే మార్చాలె.’

గుర్తొచ్చింది. ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. కరోనా రెండో విడత. ఊరంతా అంబులెన్సు కోసం మీట నొక్కుతోంది. రిజిస్టరులో రాసి జవాబిచ్చేసరికి నిమిషం పడుతోంది, ఆ నిమిషం ఆగలేక జనం మళ్లీ మళ్లీ నొక్కుతున్నారు, నొక్కినప్పుడల్లా కొత్త కబురై ఎనిమిది కంప్యూటర్లూ ఊపిరాడక పడిపోతున్నాయి. అప్పుడామె ముందు జవాబిచ్చేలా మార్చింది. జనం నొక్కడం ఆపారు, కంప్యూటర్లు లేచి నిలబడ్డాయి. ఆ వారం ఆ మార్పు ఎందరినో కాపాడింది, ఆ మాట కూడా చెప్పుకోవాలి. హరికిషన్ అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు. ఆ మర్నాడే కల్పలతకు జ్వరం వచ్చింది, మూడు వారాలు మంచం మీద ఉంది. తిరిగొచ్చాక అంతా సాఫీగా నడుస్తోంది గనక ఎవరూ ఏమీ అడగలేదు, ఆమెకూ గుర్తురాలేదు.

హరికిషన్ ఆమె భుజం మీదుగా వంగి తెర చదివాడు. చదివి మెల్లగా ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి పెట్టాడు. “కల్పలతా,” అన్నాడు, ఆమెకు మాత్రమే వినిపించేలా. “బయటికి రా, మాట్లాడుకుందాం.”

వెళ్లొచ్చు. నిజం చెప్పాలంటే ఆ ఒక్క క్షణం ఆమెకు వెళ్లాలనే అనిపించింది. బయటికి వెళ్తే ఇది ముగ్గురు నలుగురి మధ్య ఉండిపోతుంది, కాగితం కాగితంలాగే పోతుంది. ఇంట్లో చదువుకుంటున్న ఇద్దరు పిల్లలు కళ్లముందు మెదిలారు. గాజు గోడ అవతల రజిత తన సీట్లో వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుని ఉంది, ఇవాళ తన ఆఖరి రోజని ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతి ఆ పిల్లకూ తెలుసు.

కల్పలత అతని చేతిని మూత మీద నుంచి తీసేసింది. “సార్,” అంది రిచర్డ్‌తో. “మీ రోసమ్మ గారి కబురు రిజిస్టర్లకు ఎక్కనే లేదు. ఇంజన్ చూసే అన్నది మా కంప్యూటర్. అట్ల అనుమని నేర్పింది నేను. నాలుగేండ్ల కిందట. రెండ్రోజులకే అనుకున్న, మర్చిపోయిన. అందింది అన్నది నేనే సార్.”

రిచర్డ్ ముఖంలో కోపం కోసం చూసింది కల్పలత, కోపం ఉంటే బాగుండుననిపించింది. ఆయన ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు.

“ఆ రెండ్రోజులు ఎప్పుడయిపోయాయమ్మా?” అన్నాడు.

కల్పలత తల దించుకుంది. కన్నీళ్లు కాగితం మీది గళ్ల మీద పడ్డాయి, తుడుచుకోవడానికి చెయ్యి రాలేదు.

“మిగతా ఏడూ?” అన్నాడాయన. “అవీ ఇంజన్ చూసే అంటున్నాయా?”

కల్పలత తలెత్తింది. మిగతా ఏడూ. అవన్నీ ఒకే ప్రోగ్రాం మీద నడుస్తాయి. పైగా ఆరో నంబరును పక్కన పెట్టాక దాని పని కూడా ఈ ఏడింటి మీదే పడుతోంది, వాటి డైరీలు ముందుకంటే జోరుగా నిండుతున్నాయి. మామూలు రోజుల్లో అయితే పాత డైరీలు ఎప్పటికప్పుడు తీసి పారేస్తారు. శుక్రవారం నుంచి అదీ లేదు, విచారణ అయ్యేదాకా ఏదీ ముట్టుకోవద్దని హరికిషన్ హుకుం.

అంతలో తలుపు తోసుకుని రజిత వచ్చింది. “అక్కా, బోయిన్‌పల్లి నుంచి డ్రైవర్ ఓంప్రకాశ్ ఫోన్ జేసిండు. మార్కెట్ కాడనే బండి పెట్టుకుని ఉన్నడంట. ఇరవై నిమిషాల సంది ఒక్క కేసు సుత రాలేదంట. సోమవారం ఇట్ల ఎప్పుడూ లేదు అంటున్నడు. రిజిస్టర్ ఖాళీ ఉన్నది అక్కా. ఈసారి నేను సీట్లనే ఉన్న. కదలలే.”

కల్పలత తెర మార్చింది. ఏడు గీతలు, ఏడూ పచ్చగానే ఉన్నాయి. ఆరు నంబర్ల చేతిలో కొద్దికొద్దిగా పని ఉంది. రెండో నంబరు చేతిలో సున్నా. మేస్త్రి మాత్రం కబుర్లన్నీ రెండో నంబరుకే ఇస్తోంది. ‘ఉన్నవా’ అంటే ‘ఉన్న’ అంటోంది. కబురిస్తే ‘అందింది’ అంటోంది. దాని పొట్ట నూటికి నూరు నిండిపోయింది.

“తీసెయ్యాలె,” అంది కల్పలత.

“ముట్టుకోకు!” హరికిషన్ దాదాపు అరిచాడు. “పాగల్ అయినవా? వకీల్ సాబ్ ఏం చెప్పిండు? ఇప్పుడు నువ్వు ముట్టుకుంటే రికార్డుల నీ పేరు పడ్తది. తెలిసి సుత మూడు రోజులు ఊకున్నరని కంపెనీని, నిన్ను, అందరినీ లోపలేస్తరు. జెర ఆగు, ఫోన్ జేసి అడుగుతా.”

“మీరు అడిగేదాక అది ఇంకో నలుగురికి అందింది అంటది సార్.” ఆమె వేళ్లు అప్పటికే మీటల మీద ఉన్నాయి. మేస్త్రి జాబితాలోంచి రెండో నంబరును కొట్టేసింది. ఎవరు, ఎన్ని గంటలకు అని యంత్రం దానంతటదే రాసుకుంది. కల్పలత, పదకొండు ఇరవై ఎనిమిది. మరుక్షణం మిగతా ఆరు గీతలూ పైకి లేచాయి. అవతల రజిత సీటు దగ్గర రిజిస్టరు గంట టింగుమని మోగింది, మళ్లీ మోగింది. కొత్త కబుర్లకు ఇక ఫర్వాలేదు. కానీ రెండో నంబరు మింగేసినవి మింగేసినట్టే ఉన్నాయి.

“జవాబులు ఎవరెవరికి పోయినయో ఆ ఫోన్ నంబర్లు తీస్తున్న,” అంది కల్పలత. “రజితా, చూడు... పంతొమ్మిది ఉన్నయ్. ఒక్కొక్కళ్లకు ఫోన్ జెయ్యాలె. షురూ చెయ్.”

“నాకొక ఆరు ఇవ్వమ్మా,” అన్నాడు రిచర్డ్.

ఇద్దరూ ఆయన వైపు చూశారు. ఆయన అప్పటికే బల్ల మీది ల్యాండ్‌లైన్ తన వైపు తిప్పుకుని కళ్లజోడు పెట్టుకుంటున్నాడు.

ఆ గదిలో తర్వాతి పది నిమిషాలు ఒకే మాట మూడు గొంతుల్లో వినిపించింది. ఆ కంపెనీ పుట్టాక ఎవరూ ఎవరికీ చెప్పని మాట అది. “అంబులెన్స్ బయల్దేరలేదండీ,” అని చెబుతున్నాడు రిచర్డ్, ఒక్కో ముక్కా విడివిడిగా పలుకుతూ. “అవును, మెసేజ్ వచ్చింది. అది నమ్మకండి. ఎదురు చూడకండి. పక్కింట్లో కారుందా? ఉంటే ఎక్కించేయండి. లేదంటే ఆటో. నేను లైన్‌లోనే ఉంటాను, మీరు వెళ్లి పిలవండి... ఏమ్మా, ఎక్కారా? ఎక్కారా? సరే. దేవుడు తోడుంటాడు, వెళ్లండి.” ఫోను పెట్టి, నంబరు మీద గీత కొట్టి, ఇంకోటి తిప్పేవాడు.

హరికిషన్ కిటికీ దగ్గర వకీలుతో మాట్లాడుతూ, మధ్యలో ఆగి ఆ మాటలు విని, మళ్లీ మాట్లాడుతున్నాడు.

పద్దెనిమిది నంబర్ల మీద గీతలు పడ్డాయి. కొందరు తిట్టారు, కొందరు అప్పటికే ఆటోలో వెళ్లిపోయారు. పంతొమ్మిదో నంబరు మోగుతోంది, ఎత్తడం లేదు. రజిత నాలుగుసార్లు చేసింది. “అడ్రస్ ఇక్కడనే అక్కా! కార్ఖానానే. మన ఎనక రెండో సందు. ఊపిరి ఆడతలేదని రాసిన్రు. వచ్చి పదహారు నిమిషాలైంది.” ఓంప్రకాశ్‌కు చెప్పారు, కానీ బోయిన్‌పల్లి ట్రాఫిక్ దాటి రావడానికి పదిహేను నిమిషాలన్నా పడుతుందన్నాడు.

కల్పలత లేచింది. “నేను ఉరుకుత.”

హరికిషన్ తలుపుకి అడ్డంగా వచ్చాడు. “పన్నెండింటికి ఇన్‌స్పెక్టర్ వస్తడు కల్పలతా. నువ్వు లేకుంటే ఆ కాగితం అట్లనే పోతది. రజిత పేరుతోనే పోతది. నేను ఆపలేను. కూసో, కూసోని మాట్లాడు.”

ఆమె ఒక్క క్షణం నిలబడిపోయింది. ఇక్కడుంటే ఒక పిల్ల బతుకు నిలబడుతుంది. వెళ్తే, రెండు సందుల అవతల ఇంకో ప్రాణం. ఎంత అన్యాయపు పంపకం! ఏ మేస్త్రీ ఇలా పంచకూడదు.

బల్ల దగ్గరికి వచ్చింది. పెన్ను మూత ఇప్పుడు తీసింది. నివేదిక మీద, అచ్చువేసిన అక్షరాలకు అడ్డంగా, పెద్దగా రాసింది: ‘ఇది అబద్ధం. కబురు రిజిస్టర్ల ఎక్కకముందే జవాబు పోయేటట్టు మార్చింది నేను. రజిత తప్పు లేదు.’ కింద సంతకం, తేదీ. కాగితాన్ని హరికిషన్‌కు ఇవ్వలేదు, రజిత చేతిలో పెట్టింది. “ఇన్‌స్పెక్టర్‌కు నీ చేతితోనే ఇయ్యి. ఇంకెవ్వరికీ ఇయ్యకు.”

రజిత కాగితం చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అక్కా, నువ్వు...”

“ఫోన్ జేస్తనే ఉండు,” అంది కల్పలత. హరికిషన్ ఏమనుకున్నాడో ఏమో, పక్కకు జరిగాడు.

మెట్లు దిగుతుంటే వెనక అడుగుల చప్పుడు. రిచర్డ్. “గుండె ఆగితే ఛాతీ మీద నొక్కడం నాకు తెలుసమ్మా. రైల్వేలో నేర్పారు,” అన్నాడు ఆయాసపడుతూ. ఆ రోజు రోసమ్మకూ నొక్కే ఉంటాడని కల్పలతకు అప్పుడు తట్టింది, అడగలేదు.

మొదటి సందు దాటారు. రెండో సందులో మలుపు తిరగగానే, మూసిన గేట్ల వరసలో ఒక గేటు బార్లా తెరిచి ఉంది. దాని ముందు నడిరోడ్డు మీద లుంగీతో, చెప్పుల్లేకుండా ఒక మనిషి నిలబడి మెయిన్ రోడ్డు వైపే చూస్తున్నాడు. ఇంట్లో ఎక్కడో ఫోను ఆగకుండా మోగుతోంది, అది అతనికి వినిపించడం లేదు. కల్పలత మెడలో వేలాడుతున్న కంపెనీ కార్డు మీద అతని చూపు పడింది. ముఖమంతా వెలిగిపోయింది.

“వచ్చిండ్రా మేడమ్!” అంటూ ఎదురు పరుగెత్తుకొచ్చాడు. “అమ్మ లోపలున్నది, జల్ది రండి.” వాళ్లిద్దరి వెనక ఉన్న ఖాళీ సందులోకి తొంగిచూశాడు. “బండేది?”